పద్దెనిమిదేళ్ళ రఈస్: ఇబ్రాహీమ్ బిన్ మూసా బిన్ మైమూన్

క్రీ.శ. 1204 డిసెంబరులో (హి. 601) ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో మూసా బిన్ మైమూన్ మరణించాడు. ఖుర్తుబాలో జన్మించి, మువహ్హిదీన్ల పాలనలో స్వదేశం విడిచి, అయ్యూబీ దర్బారులో హకీముగా పేరు గడించిన ఈ యూద పండితుణ్ణి మన పాఠకులు 'దలాలతుల్ హాయిరీన్' గ్రంథకర్తగా ఎరుగుదురు. ఆయనకు ఒక్కడే కుమారుడు, పేరు ఇబ్రాహీమ్. తండ్రి పోయేనాటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఈజిప్టు యూద సమాజపు నాయకత్వం ఆ కుర్రవాడి మీద వచ్చి పడింది. ఈ పదవిని అరబీలో రఈసుల్ యహూద్ అనీ, హెబ్రూలో నగీద్ అనీ పిలిచేవారు. న్యాయకర్తలను నియమించడం, వివాహ వారసత్వ తగాదాలు తీర్చడం, బీదల పోషణ చూడడం, సుల్తాను ఎదుట తన సమాజం తరఫున నిలబడడం, ఇవన్నీ ఆ పదవిలోని పనులే.

ఇంత బరువు మోయడానికి అతనికి లభించిన శిక్షణ ఏమిటి? జవాబు ఆ ఇంటిలోనే ఉన్నది. మూసా బిన్ మైమూన్ 1199లో తన గ్రంథానువాదకునికి వ్రాసిన లేఖలో తన దినచర్యను వర్ణించాడు. ఉదయమే కాహిరాకు దర్బారుకు పోవడం, మధ్యాహ్నం దాటాక ఆకలితో తిరిగి రావడం, వచ్చేసరికి వసారా నిండా రోగులు. వారిలో యూదులు, యూదేతరులు, పెద్దలు, పేదలు. రాత్రి పడుకుని మాట్లాడేంత అలసట. శనివారం నాడు ప్రార్థన కాగానే జనమంతా అక్కడికే వచ్చేవారు. ఆ వారం సమాజం చేయవలసిన పనులు ఆయన చెప్పేవాడు. ఆ లేఖ నాటికి ఇబ్రాహీముకు పదమూడేళ్ళు. ధర్మశాస్త్రం, తత్వం, వైద్యం తండ్రి వద్దనే నేర్చాడు. కాని ఆ వసారా నేర్పిన పాఠం ఏ గ్రంథంలోనూ లేదని నా అభిప్రాయం.

తండ్రి పేరు ఒక్కటే అతణ్ణి నిలబెట్టలేదు. తొలినాళ్ళలో అతని అధికారాన్ని ఒప్పుకోని వారున్నారు. నిలబెట్టినది పని. ఫుస్తాత్ యూద దేవాలయంలో 'జెనీజా' అనే కొట్టు ఉండేది. దైవనామం ఉన్న చిరిగిన కాగితాన్ని పారవేయరాదని అందులో దాచేవారు. జీర్ణించిన ఖుర్ఆన్ ప్రతులను మనమెలా గౌరవిస్తామో పాఠకులకు తెలుసు గనుక వేరే వివరణ అక్కరలేదు. అక్కడ దొరికిన కాగితాలలో ఇబ్రాహీము స్వహస్తంతో వ్రాసిన చీటీలున్నాయి: ఫలానావానికి ఇంత సొమ్ము ఇవ్వండి, ఫలానా ఖర్చు చెల్లించండి అని. వాటిలో చాలామట్టుకు 1218 ప్రాంతపువి. మహాగ్రంథం వ్రాస్తున్న మనిషి చిన్న మొత్తాలకు కూడా తానే చీటీ వ్రాసేవాడు!

ఆ మహాగ్రంథం పేరు 'కిఫాయతుల్ ఆబిదీన్'. ఈ పేరు మొదట విన్నప్పుడు ఇది ఇమాం గజాలీ సంప్రదాయంలో ఏ సూఫీయో వ్రాసినదనుకున్నాను. భాష అరబీయే, పదజాలమూ మనకు పరిచితమే. లిపి మాత్రం హెబ్రూ. మదరసాలో ఏళ్ళతరబడి అరబీ చదివిన నాకు ఆ పుట మీద ఒక్క అక్షరమూ పలకలేదు. గ్రంథంలో అధికభాగం నశించింది. మిగిలిన దానిలో కొంత భాగాన్ని రోసెన్‌బ్లాట్ అనే పండితుడు 1927, 1938లలో ఆంగ్లానువాదంతో ప్రకటించాడు.

ఇబ్రాహీము చుట్టూ 'హసీదులు' అనే భక్తిపరుల బృందం ఉండేది. ప్రార్థనకు ముందు కాళ్ళు చేతులు కడగడం, ఖిబ్లా వైపు, అనగా బైతుల్ మఖ్దిస్ వైపు, వరుసలు తీరి కూర్చోవడం, వాడుక తప్పిన సజ్దాను తిరిగి నెలకొల్పడం వారి పద్ధతి. చూసేవారికి ఇది మసీదును తలపించింది. ఇది పరాయివారి అనుకరణ, మన ధర్మంలో నిషిద్ధం అని ప్రత్యర్థులు లేచారు. అతని సమాధానం గమనార్హం. ఇవి మన దేవాలయంలో పూర్వం ఉన్నవే. మనం పోగొట్టుకున్నాం, పొరుగువారు నిలుపుకున్నారు. పొరుగువాడు చేస్తున్నాడన్న కారణంతో మన సొత్తును మనం వదులుకుంటామా అన్నాడు. ఇల్యాస్ ప్రవక్త (అ.స.) తన శిష్యునిపై దుప్పటి వేయడానికీ, సూఫీ గురువు ముర్షిద్‌గా ఖిర్ఖా తొడగడానికీ పోలిక చూపాడు. సూఫీల మార్గం పూర్వప్రవక్తల శిష్యుల మార్గమేనన్నాడు.

చరిత్రగా చూస్తే ఈ వాదానికి ఆధారాలు చాలవు. సూఫీ సిల్సిలాలు తమ మూలాన్ని వేరే చోట చూపుతాయి. అయినా మూసా, ఇల్యాస్ ప్రవక్తలను మనవారిగా నమ్మే మనం ఆ వాదాన్ని విని నవ్వి ఊరుకోలేం.

తగాదా సుల్తాన్ అల్ మలికుల్ ఆదిల్ (పాలన 1200–1218) దాకా పోయింది. ఇబ్రాహీము బిద్‌అతులు తెచ్చాడని యూదులే అర్జీ పెట్టారు. ఒక ధర్మంలో సజ్దా ఉండవచ్చునా అనే ప్రశ్న మరో ధర్మపు సుల్తాను ముందుకు! ఇబ్రాహీము సుమారు రెండువందల సంతకాలతో జవాబు పంపాడు. ఈ పద్ధతులు తన ఇంటి ప్రార్థనాస్థలంలోనే ఆచరిస్తున్నామనీ, ఎవరినీ బలవంతపెట్టలేదనీ అందులో విన్నవించుకున్నాడు. పదవి ఉండి కూడా బలవంతపెట్టకపోవడం అతని నిగ్రహమే కావచ్చు. కాని ఆ పద్ధతులు సామాన్య జనంలో వేళ్ళూనకపోవడానికి కారణం కూడా అదేనేమో.

చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబిఆ అతణ్ణి హి. 631 ప్రాంతంలో కాహిరా వైద్యశాలలో కలుసుకున్నాడు. పొడుగరి, బక్కపలుచని శరీరం, మృదుభాషి, వైద్యంలో దిట్ట అని వ్రాసిపెట్టాడు. 1237లో (హి. 635) ఇబ్రాహీము మరణించగా, పదవి పదహారేళ్ళయినా నిండని కుమారుడు దావూద్‌కు వచ్చింది. మళ్ళీ ఒక కుర్రవాడే. అటు తరువాత కూడా చాలా తరాలు ఆ కుటుంబమే నగీదులుగా ఉన్నది.

వారిలో ఇంకొక దావూద్‌కు పధ్నాలుగవ శతాబ్దంలో ఒక యూద స్త్రీ వ్రాయించిన అర్జీ అదే జెనీజాలో లభించింది. ఆమె భర్త బసీర్, గంటలు చేసే పనివాడు. సూఫీ షేఖ్ అల్ కూరానీ మురీదులతో కలిసి కొండ మీదకు చేరాడు. ఇల్లు అమ్మి, పిల్లలతో సహా అక్కడికే పోదామంటున్నాడు. తన మతం దాటిపోతాడేమో, ముగ్గురు పిల్లలు ఏమవుతారో అని ఆమె భయం. ముత్తాతల కాలంలో పద్ధతుల మీద నడిచిన వాదం ఇప్పుడు ఒక ఇంటి పొయ్యి దాకా వచ్చింది. భర్తను వెనక్కు రప్పించమని ఆమె నగీద్‌ను వేడుకున్నది. అదే అర్జీలో పిల్లవాడి చెవి బాధకు మందు కూడా అడిగింది.