గోస్తనీ వెంట

బొడ్డవర దాటాక బండి కొండెక్కుతుంది. కాసేపటికి మొదటి సొరంగం. బోగీలో చీకటి కమ్మగానే పిల్లలంతా ఒక్క గొంతుతో కేక పెడతారు. వెలుగు రాగానే నవ్వులు, అంతలోనే మళ్లీ చీకటి. కొత్తవలస–కిరండూల్ లైనులో మొత్తం 58 సొరంగాలున్నాయని మా పెద్దది చదివి చెప్పింది. అన్నిటికీ అరవాలని చిన్నాడు ఎదుటి సీటు పిల్లతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. బొర్రాలో దిగిపోతే మిగతావి ఎవరు అరుస్తారని ఆ పిల్ల దిగులు.

చిమిడిపల్లి దగ్గర మన బండిని పక్కన నిలబెడతారు. ఎదురుగా గూడ్సు దిగుతోంది. వ్యాగన్ల నిండా ఎర్రటి ఇనుప ఖనిజం. బైలదిల్లా కొండల నుంచి విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. మనం లోయలు చూసి మురిసిపోవడం కొసరు మాత్రమే. ఆ మాట చెబితే అత్తయ్య, "పోనీలే, కొసరైనా కిటికీ పక్కన దొరికింది" అంటుంది.

విశాఖ వాళ్లకి బొర్రా అంటే చుట్టాలకి చూపించే చోటు. హైదరాబాదు నుంచి ఎవరో దిగుతారు, తెల్లవారకుండా కారు కడతాం, గుహలు, బొంగు చికెన్, అరకులో మ్యూజియం, రాత్రికి కొంప చేరి కాళ్లు పట్టించుకోవడం. ఎన్నిసార్లు వచ్చినా గడియారమే గానీ కొండ కనిపించదు. ఈసారి చుట్టాలెవరూ లేరు. కార్తీకం, ఎండ పల్చగా ఉంది, రాత్రికి అనంతగిరిలో మకాం. తొందరేమీ లేదు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగి నడక. దారి పొడుగునా మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. చేతిలో ఏ సంచీ కనిపించినా కోతులు తనిఖీకి వస్తాయి. టికెట్టు తీసుకుని మెట్లు దిగడం మొదలుపెడితే ఎండ వీపు మీంచి జారిపోతుంది. ముందు చల్లదనం, తర్వాత తడిమట్టి వాసన, దాంతోపాటు గబ్బిలాల వాసన. కళ్లు చీకటికి అలవాటు పడ్డాకగానీ ఎంత లోతులో ఉన్నామో తెలియదు. తలెత్తితే పైకప్పు అందనంత ఎత్తు. మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది.

రంగు దీపాలు మాత్రం నాకు నచ్చవు. కోట్లాది ఏళ్ల నాటి సున్నపురాయిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్లో పెళ్లిపందిరిలా ముస్తాబు చేశారు. దీపం నిలకడగా పడే చోట తడిరాతి మీద నాచు కూడా పడుతుంది. ఒక మూల దీపం వెలగడం లేదు. అక్కడ గోడ తన రంగులో తానుంది, లేత పసుపు, బూడిద, అక్కడక్కడా తేనె రంగు. అందరం అక్కడే ఎక్కువసేపు నిలబడతాం.

గైడు కుర్రాడిది పక్క ఊరే. టార్చి వేసి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. ఇది ఏనుగు, ఇది మొసలి, అది ఋషి గడ్డం, అది తల్లీబిడ్డా. పెద్దదానికి ఇవేమీ పట్టవు. ఎలా ఏర్పడ్డాయో చెప్పమంటుంది. వాడు పైనుంచి వేలాడే రాతి మొన వైపు టార్చి తిప్పుతాడు. మొన చివర ఒక చుక్క. వాన నీళ్లు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడును కలుపుకుంటాయి, ఆ పులుపుకి సున్నపురాయి కరుగుతుంది. చుక్క గుహలోకి వచ్చి వేలాడేసరికి ఆ వాయువు తప్పుకుంటుంది, కరిగిన సున్నం పిసరంత అక్కడే మిగిలిపోతుంది. కిందపడిన చోట ఇంకో పిసరు. పైది దిగుతుంది, కిందది లేస్తుంది. అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టొచ్చు. చిన్నాడు నోరు తెరిచి చుక్క కోసం కాచుకుని ఉన్నాడు.

ఈ గుహల్ని 1807లో భూగర్భ సర్వే శాఖకి చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర కనిపెట్టాడని ఎక్కడ చూసినా రాస్తారు. ఆ శాఖ పుట్టిందే 1851లో. దానికన్నా కుర్రాడు చెప్పే కథే నయం. మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి లోపల పడిందట, వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనిపించిందట. ఆవు బతికింది గనక ఆ స్వామే కాపాడాడని ఊరు నమ్మింది. ఆ లింగం దగ్గరికి మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులని స్టేషన్ నుంచీ గోల పెడుతున్న అత్తయ్య మనందరికన్నా ముందు ఎక్కేసింది. శివరాత్రికి చుట్టుపక్కల గూడేలన్నీ ఇక్కడికే వస్తాయట.

దిగివచ్చేటప్పుడు చిన్నాడు అడుగుతాడు, "అన్నా, ఈ నీళ్లన్నీ ఏమైపోతాయి?"

"కిందకెళ్తాయి బాబూ. కటికి కాడ దూకుతాయి. తాటిపూడి డేములో ఆగుతాయి. మీది వైజాగేనా? అయితే మీరు తాగేవి ఇయ్యే."

పిల్లలిద్దరూ నా వైపు చూస్తారు. నిజమే. తాటిపూడి నీళ్లు నగరానికి వస్తాయని తెలుసు. ఈ చుక్కతో ముడిపెట్టి ఎప్పుడూ అనుకోలేదు.

ఇక మిగతా ప్రయాణం దానంతటదే తేలిపోయింది, ఈ నీళ్లు మోసుకెళ్లే గోస్తనీ నది వెంటే వెళ్లాలి. మధ్యాహ్నం బయట ఒక పాకలో కూర్చుంటాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి అడ్డాకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తున్నారు. చుక్క నూనె వెయ్యరు. కార్తీకం కదా, అత్తయ్య మొక్కజొన్న పొత్తుతో సరిపెట్టుకుంటూ బొంగు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

కటికి జలపాతానికి జీపు. అది రోడ్డు అనుకుంటే మనదే పొరపాటు. బండరాళ్లు, గోతులు, వాటి మధ్య డ్రైవరు ధీమా. జీపు ఆగాక కాలిబాట. వాగు చప్పుడు ముందు వస్తుంది, మలుపు తిరిగాక నీళ్లు కనిపిస్తాయి. ఎత్తునుంచి గోస్తనీ దూకుతోంది. తుంపర మొహానికి కొడుతుంది. పెద్దది చెప్పులు విప్పి రాతి మీద కూర్చుని, పొద్దున చూసిన చుక్కే ఇదా అని మళ్లీ అడుగుతుంది.

ఈ నీళ్లు దిగివచ్చే కొండల్లోనే కాల్సైటు, మైకా ఉన్నాయి. అనంతగిరి మండలంలో బయటివాళ్లకి ఇచ్చిన గని లీజుల మీద సమతా సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వ భూమి సైతం లీజుకివ్వడం చెల్లదంది. దేశమంతా 'సమతా తీర్పు' అని చెప్పుకునేది ఇదే. కింద కుళాయి తిప్పుకునే మాకు ఆ కేసు సంగతి ఎవరూ చెప్పలేదు. అది గిరిజనుల గొడవ అని పేపర్లో పేజీ తిప్పేసిన వాళ్లమే ఎక్కువ.

అనంతగిరిలో పొద్దున్నే మంచు. కాఫీ తోటలో నడుస్తాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. పండు ఎర్రబడుతోంది. ఏరుతున్న ఆడవాళ్లు చిన్నాడి చేతిలో ఒకటి పెడతారు. తియ్యగా ఉందంటాడు, గింజ కొరికి ఉమ్మేస్తాడు.

కారు మాట్లాడుకుని ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా తాటిపూడి. గట్టు మీద గాలి. కొండల నడుమ పరుచుకున్న నీళ్లు. పడవ ఎక్కాలని పిల్లలు, నీడన కూర్చోవాలని మేం. ఇక్కణ్ణుంచి నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, పుట్టిన చోటు నుంచి సుమారు 120 కిలోమీటర్ల దారి.

"అదీ చూసేద్దాం" అంటుంది పెద్దది. భీమిలి మీదుగా ఇంటికంటే చుట్టు అవుతుందని, డీజిలుకి ఇంకొంత పడుతుందని డ్రైవరు మెల్లగా నసుగుతాడు.

"ఇచ్చేద్దాంలే బాబూ, పోనీ" అంటూ అత్తయ్య అప్పుడే ముందు సీట్లోకి ఎక్కేసింది.