డేటా నిల్వ పరిశ్రమ

కంప్యూటర్లలోని సమాచారాన్ని దీర్ఘకాలం భద్రపరచే పరికరాలను, వాటికి కావలసిన సాఫ్టువేరును, సేవలను అందించే సంస్థల సముదాయాన్ని డేటా నిల్వ పరిశ్రమ అంటారు. హార్డ్ డిస్కులు, ఫ్లాష్ మెమరీ, అయస్కాంత టేపులు, డేటా కేంద్రాలు ఇందులోని ముఖ్య విభాగాలు. ఈ పరిశ్రమ చరిత్రలో రెండు విషయాలు కలిసి నడిచాయి. మొదటిది, తక్కువ స్థలంలో ఎక్కువ సమాచారాన్ని ఇమిడ్చే కొత్త సాంకేతికత. రెండవది, ఒక సంస్థను మరొక సంస్థ కొనుగోలు చేయడం. ఒకప్పుడు 200కు పైగా సంస్థలు హార్డ్ డిస్కుల తయారీలో ఉండగా, నేడు సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అనే మూడు మాత్రమే మిగిలాయి. సంస్థల సంఖ్య తగ్గినట్లే, సమాచారం నిలువ ఉండే చోట్లు కూడా ఇళ్ళు, కార్యాలయాల నుండి కొన్ని పెద్ద డేటా కేంద్రాలకు మారుతున్నాయి. అటువంటి కేంద్రాలకు హైదరాబాదు, విశాఖపట్నం ముఖ్యమైన స్థానాలుగా రూపొందుతున్నాయి.

తొలి చరిత్ర

మొదటి హార్డ్ డిస్కును ఐబీఎమ్ సంస్థ 1956లో రామాక్ అనే కంప్యూటరుతో పాటు విడుదల చేసినది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50 ఉండేవి. ఆ పళ్ళేలన్నిటి మీద కలిపి సుమారు 50 లక్షల అక్షరాలను మాత్రమే నిలువచేయగలిగేవారు. నేటి చరవాణితో తీసిన ఒక్క ఛాయాచిత్రానికి కూడా కొన్నిసార్లు ఆ స్థలం చాలదు.

1979లో అలన్ షుగార్ట్, ఫినిస్ కానర్ తదితరులు అమెరికాలో స్థాపించిన సంస్థ తరువాత సీగేట్‌గా పేరు మార్చుకొన్నది. ఈ సంస్థ 1980లో 5 మెగాబైట్ల సామర్థ్యం గల 5.25 అంగుళాల హార్డ్ డిస్కును విడుదల చేసినది. వ్యక్తిగత కంప్యూటర్లలో ఇమిడే పరిమాణం కావడంతో దీనికి పెద్ద విపణి ఏర్పడినది. 1980వ దశకంలో అమెరికా, జపాన్ దేశాలలో అనేక కొత్త సంస్థలు ఈ రంగంలోకి ప్రవేశించాయి.

సాంకేతిక మార్పులు

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళెం వేగంగా తిరుగుతుంది. దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, పళ్ళేన్ని తాకకుండా ఒక చిన్న శీర్షం కదులుతూ సమాచారాన్ని రాస్తుంది, చదువుతుంది. ఒక్కొక్క బిట్టు ఆక్రమించే స్థలాన్ని తగ్గించడమే ఈ రంగంలోని పరిశోధన సారాంశం. అయితే బిట్టు మరీ చిన్నదైతే గది ఉష్ణోగ్రతకే దాని అయస్కాంత దిశ తారుమారు కావచ్చు. ఈ చిక్కును దాటడానికి వచ్చిన ముఖ్యమైన మార్పులు ఇవి:

* బృహత్ అయస్కాంత నిరోధం: 1988లో ఆల్బెర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రున్‌బెర్గ్ వేరువేరుగా ఈ ధర్మాన్ని కనుగొన్నారు. దీనివలన అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా చదవగలిగే శీర్షాలు తయారయ్యాయి. ఐబీఎమ్ 1997లో వీటిని హార్డ్ డిస్కులలో ప్రవేశపెట్టినది. ఈ ఆవిష్కరణకు వీరిద్దరికీ 2007లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.
* లంబ రికార్డింగు: బిట్లను పళ్ళెం మీద అడ్డంగా పరచకుండా నిలువుగా నిలబెట్టే పద్ధతి. దీనిని వాడిన తొలి హార్డ్ డిస్కును తోషిబా 2005లో విపణిలోకి తెచ్చినది. 2007లో హిటాచీ సంస్థ ఈ పద్ధతితో 1 టెరాబైటు డిస్కును విడుదల చేసినది.
* హీలియం నింపిన డిస్కులు: గాలి కంటే తేలికైన హీలియంలో పళ్ళేలకు ఒరిపిడి తక్కువ. అందువలన పలుచని పళ్ళేలను ఎక్కువ సంఖ్యలో అమర్చవచ్చు, విద్యుత్తు ఖర్చు కూడా తగ్గుతుంది. 2013లో 6 టెరాబైట్ల డిస్కుతో ఇది వాడుకలోకి వచ్చినది.
* వేడితో రాసే పద్ధతి: తేలికగా దిశ మారని గట్టి అయస్కాంత పదార్థాన్ని పళ్ళెం మీద పూస్తారు. రాసే క్షణంలో మాత్రం చిన్న లేజరుతో ఆ బిందువును 400 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేస్తారు. ఆ బిందువు నానోసెకన్ల కాలంలోనే తిరిగి చల్లబడుతుంది. రెండు దశాబ్దాలకు పైగా పరిశోధన జరిపిన సీగేట్, 2024లో ఈ పద్ధతితో 30 టెరాబైట్లకు మించిన డిస్కులను ప్రకటించినది.
* ఫ్లాష్ మెమరీ: తిరిగే భాగాలేవీ లేకుండా విద్యుదావేశం రూపంలో సమాచారాన్ని నిలిపే చిప్పు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980వ దశకంలో దీనిని రూపొందించాడు. 2013లో శాంసంగ్ సంస్థ మెమరీ కణాలను అంతస్తులుగా పేర్చి, 24 పొరల చిప్పును తయారుచేసినది. తరువాత పొరల సంఖ్య 200 దాటినది.

ల్యాప్‌టాపులలో, చరవాణులలో ఫ్లాష్ మెమరీ హార్డ్ డిస్కు స్థానాన్ని ఆక్రమించినది. అయితే ఒక టెరాబైటుకయ్యే ఖర్చు హార్డ్ డిస్కులలో చాలా తక్కువ కావడం వలన పెద్ద డేటా కేంద్రాలు నేటికీ వాటినే అధికంగా వాడుతున్నాయి.

కొనుగోళ్ళకు కారణాలు

పైన పేర్కొన్న ప్రతి మార్పుకు కొత్త ప్రయోగశాలలు, కొత్త యంత్రాలు, ధూళిలేని కర్మాగారాలు అవసరమయ్యాయి. మరొకవైపు డిస్కుల ధర ఏటేటా తగ్గుతూ వచ్చినది. ఒక మార్పును సకాలంలో అందుకోలేని సంస్థ ఆ తరం డిస్కుల అమ్మకాలను కోల్పోయేది. తరువాతి తరానికి పెట్టుబడి పెట్టే శక్తి దానికి ఉండేది కాదు. అటువంటి సంస్థను పెద్ద సంస్థ కొనుగోలు చేసి, దాని పేటెంట్లను, ఇంజనీర్లను, ఖాతాదారులను పొందేది.

రెండవ కారణం విపణి పరిమాణం. 2010లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 65 కోట్ల హార్డ్ డిస్కులు అమ్ముడయ్యాయి. ఆ తరువాత ఫ్లాష్ మెమరీ వలన ఈ సంఖ్య తగ్గుతూ వచ్చినది. తగ్గుతున్న విపణిలో కర్మాగారాలను కలిపివేయడం ద్వారానే లాభాలు నిలుస్తాయని మిగిలిన సంస్థలు భావించాయి.

ముఖ్యమైన కొనుగోళ్ళు

* 1996: కానర్ పెరిఫెరల్స్‌ను సీగేట్ కొనుగోలు చేసినది. సీగేట్ వ్యవస్థాపకులలో ఒకడైన ఫినిస్ కానర్ బయటకు వచ్చి నడిపిన సంస్థ ఇది.
* 2001: క్వాంటమ్ సంస్థ హార్డ్ డిస్కు విభాగం మాక్స్‌టర్‌లో కలిసినది.
* 2002: హార్డ్ డిస్కును కనిపెట్టిన ఐబీఎమ్, ఆ విభాగాన్ని 205 కోట్ల డాలర్లకు హిటాచీకి అమ్మివేసినది.
* 2006: మాక్స్‌టర్‌ను సీగేట్ సుమారు 190 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది.
* 2009: ఫుజిట్సు హార్డ్ డిస్కు విభాగం తోషిబాకు చేరినది. అదే ఏడు నెట్‌యాప్‌తో పోటీపడి డేటా డొమైన్‌ను ఈఎమ్‌సీ సుమారు 210 కోట్ల డాలర్లకు దక్కించుకొన్నది.
* 2010: త్రీపార్ అనే సంస్థ కొరకు డెల్, హెచ్‌పీ పోటీపడి ధర పెంచుతూ పోగా, చివరకు హెచ్‌పీ సుమారు 235 కోట్ల డాలర్లకు కొన్నది.
* 2011: శాంసంగ్ హార్డ్ డిస్కు విభాగాన్ని సీగేట్ 137.5 కోట్ల డాలర్లకు కొన్నది.
* 2012: హిటాచీ విభాగాన్ని వెస్టర్న్ డిజిటల్ సుమారు 480 కోట్ల డాలర్లకు కొన్నది. 1956 నాటి ఐబీఎమ్ వారసత్వం ఆ విధంగా మూడవ యజమాని చేతికి వచ్చినది.
* 2016: ఈఎమ్‌సీని డెల్ కొనుగోలు చేసినది. 2015లో ప్రకటించినప్పుడు ఈ ఒప్పందం విలువ సుమారు 6,700 కోట్ల డాలర్లు. అదే ఏడు ఫ్లాష్ మెమరీ సంస్థ శాన్‌డిస్క్ వెస్టర్న్ డిజిటల్ వశమైనది.
* 2021: ఇంటెల్ ఫ్లాష్ మెమరీ వ్యాపారాన్ని 900 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందం తొలిదశను దక్షిణ కొరియాకు చెందిన ఎస్‌కే హైనిక్స్ పూర్తిచేసినది. రెండవ దశ 2025లో ముగిసినది.

అన్ని విలీనాలూ శాశ్వతం కావు. 2025 ఫిబ్రవరిలో శాన్‌డిస్క్ తిరిగి వెస్టర్న్ డిజిటల్ నుండి విడిపోయి స్వతంత్ర సంస్థగా మారినది. తిరిగే డిస్కులు, ఫ్లాష్ చిప్పులు వేరువేరు వ్యాపారాలుగా నడవడం మేలని ఆ సంస్థ నిర్ణయించినది.

నియంత్రణ, ప్రమాదాలు

విక్రేతలు తగ్గితే పోటీ తగ్గి ధరలు పెరిగే అవకాశమున్నది. అందువలన పెద్ద కొనుగోళ్ళను వివిధ దేశాల నియంత్రణ సంస్థలు పరిశీలిస్తాయి. హిటాచీ విభాగాన్ని కొనే సందర్భంలో 3.5 అంగుళాల డిస్కుల తయారీ ఆస్తులలో కొన్నిటిని అమ్మివేయాలని యూరోపియన్ కమిషన్ వెస్టర్న్ డిజిటల్‌కు షరతు విధించినది. ఆ ఆస్తులు తోషిబాకు చేరాయి. రెండు వ్యాపారాలను కొంతకాలం వేరుగానే నడపాలని చైనా ప్రభుత్వం షరతు పెట్టినది.

తయారీ కొద్ది చోట్లకే పరిమితమైతే కలిగే నష్టం 2011లో వెల్లడైనది. ఆ ఏడు థాయిలాండ్‌లో వచ్చిన వరదలలో వెస్టర్న్ డిజిటల్ కర్మాగారంతో పాటు విడిభాగాల కర్మాగారాలు కూడా మునిగిపోయాయి. ప్రపంచమంతటా హార్డ్ డిస్కులకు కొరత ఏర్పడి, కొన్ని రకాల ధరలు రెట్టింపయ్యాయి.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదు

హార్డ్ డిస్కుల తయారీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేళ్ళూనుకోలేదు. అయితే సాఫ్టువేరు, చిప్పుల రూపకల్పన, డేటా కేంద్రాల ద్వారా ఈ ప్రాంతం పరిశ్రమలో భాగమైనది. హైదరాబాదు ప్రధాన స్థానంగా గల కంట్రోల్‌ఎస్ సంస్థను పిన్నపురెడ్డి శ్రీధర్ 2007లో స్థాపించాడు. ఇది ఇతర సంస్థల సమాచారాన్ని తన డేటా కేంద్రాలలో భద్రపరుస్తుంది.

కొనుగోళ్ళ ప్రభావం ఈ నగరాన్ని కూడా తాకినది. కాలిఫోర్నియాలో ప్రధాన కార్యాలయం, హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం గల ఇన్‌మేజ్ సిస్టమ్స్‌ను మైక్రోసాఫ్ట్ 2014 జూలైలో కొనుగోలు చేసినది. ప్రమాద సమయంలో సమాచారాన్ని వేరొక చోటి నుండి పునరుద్ధరించే ఈ సంస్థ సాఫ్టువేరు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లో భాగమైనది. ఫ్లాష్ మెమరీ, డీర్యామ్ తయారుచేసే మైక్రాన్ సంస్థ 2019లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రాన్ని ప్రారంభించినది. శాన్‌డిస్క్ వ్యవస్థాపకులలో ఒకడైన సంజయ్ మెహ్రోత్రా 2017లో మైక్రాన్ అధిపతి అయ్యాడు. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతీయ కేంద్రాన్ని ప్రారంభించినది. ముంబై తరువాత భారతదేశంలో ఇది రెండవది.

విశాఖపట్నం

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నం ప్రాంతంలో భారీ డేటా కేంద్ర సముదాయాన్ని నెలకొల్పుతామని ప్రకటించినది. 2026 నుండి 2030 వరకు ఐదేళ్ళలో సుమారు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టనున్నట్లు తెలిపినది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ ఇందులో భాగస్వాములు. విశాఖపట్నం జిల్లాలోని తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి ఇందుకు ప్రతిపాదిత స్థలాలు. సముద్రగర్భ కేబుళ్ళు తీరానికి చేరే కేంద్రం కూడా ప్రణాళికలో ఉన్నది. భారతదేశానికి వచ్చే కేబుళ్ళలో అధికభాగం ముంబై, చెన్నైలకే చేరుతున్నందున తూర్పు తీరంలో మరొక ద్వారం ఏర్పడడం దీని విశేషం.

తీర నగరమైనందున ఇక్కడ తుఫానుల ప్రమాదమున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖపట్నంలో విద్యుత్తు, టెలిఫోను సేవలు కొన్ని రోజులపాటు స్తంభించాయి. అందువలన ఇటువంటి కేంద్రాలు సొంత జనరేటర్లను ఏర్పాటుచేసుకొని, సమాచారపు ప్రతులను దూరప్రాంతాలలోని ఇతర కేంద్రాలలో కూడా ఉంచుతాయి.

నీరు, విద్యుత్తు

డేటా కేంద్రంలోని యంత్రాలు రాత్రింబగళ్ళు పనిచేస్తూ వేడిని వెలువరిస్తాయి. నీటిని ఆవిరిచేసి చల్లబరచే పద్ధతిలో విద్యుత్తు తక్కువగా, నీరు ఎక్కువగా ఖర్చవుతుంది. అదే ద్రవాన్ని మూసిన గొట్టాలలో మళ్ళీ మళ్ళీ తిప్పే పద్ధతిలో నీరు ఆదా అవుతుంది. గూగుల్ ప్రతిపాదన గిగావాట్ స్థాయిది. పరవాడ వద్ద గల సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక గిగావాట్ అంటే అందులో సగం.

విశాఖపట్నం నగరానికి తాగునీరు అందించే వనరులలో దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం ఒకటి. శారదా నదిపై నిర్మించిన ఈ జలాశయం సాగునీటికి కూడా ఆధారం. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉన్న దేవరాపల్లి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. రైవాడ నీరు పొలాలకా, నగరానికా అన్నది డేటా కేంద్రాల ప్రస్తావనకు చాలా ముందునుండే ఇక్కడి రైతులు లేవనెత్తుతున్న ప్రశ్న. కొత్త కేంద్రాల వలన నగర ప్రాంతపు నీటి అవసరం పెరిగితే, ఏ వనరు నుండి ఎంత నీరు కేటాయిస్తారన్నది పైనున్న ఆయకట్టు గ్రామాలకు కూడా సంబంధించిన విషయమవుతుంది. కేంద్రాలు ఎంచుకొనే శీతలీకరణ పద్ధతిని బట్టి ఈ అవసరం మారుతుంది. ఈ ప్రాజెక్టు వలన పెట్టుబడులు, ఉపాధి వస్తాయని ప్రభుత్వం చెప్పగా, భూమి, నీరు, విద్యుత్తు వినియోగంపై హక్కుల సంఘాలు అభ్యంతరాలు తెలిపాయి.

వినియోగదారులపై ప్రభావం

సంస్థలు చేతులు మారినప్పుడు పాత పరికరాల గ్యారంటీ బాధ్యత సాధారణంగా కొనుగోలు చేసిన సంస్థకు సంక్రమిస్తుంది. కాని పాత నమూనాల విడిభాగాలు, సాఫ్టువేరు నవీకరణలు క్రమంగా నిలిచిపోవచ్చు. వేరువేరు పేర్లతో అమ్మే డిస్కులు ఒకే సంస్థవి కావడం కూడా సాధారణమే. ఏ డిస్కు అయినా ఏదో ఒకనాడు చెడిపోయేదే. ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులుండాలని, అవి కనీసం రెండు రకాల సాధనాలపై ఉండాలని, వాటిలో ఒకటి వేరే ఊరిలో లేదా వేరే భవనంలో ఉండాలని నిపుణులు సూచిస్తారు. క్లౌడ్‌లో దాచిన సమాచారం కూడా చివరకు ఏదో ఒక ఊరిలోని డిస్కుల మీదనే ఉంటుంది కనుక ఈ సూచన దానికీ వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్కు
* ఫ్లాష్ మెమరీ
* శారదా నది
* దేవరాపల్లి మండలం
* హుద్‌హుద్ తుఫాను