'క్యాష్' - 'కాసు': రూపసామ్యం, మూలభేదం

ఆంగ్ల 'క్యాష్'కూ తెలుగు 'కాసు'కూ గల ధ్వనిసామ్యం చూసి ఒకటి మరొకదానికి మూలమని భావించడం పరిపాటి. నిజానికి ఆంగ్లంలో 'క్యాష్' రూపంలో రెండు వేర్వేరు పదాలున్నాయి.

నగదును తెలిపే పదానికి మూలం లాటిన్ 'కాప్సా', అంటే పెట్టె. ఫ్రెంచి, ఇటాలియన్ రూపాల మీదుగా 16వ శతాబ్ది చివర ఆంగ్లంలో చేరింది. తొలుత డబ్బుపెట్టెనూ అందలి సొమ్మునూ తెలిపేది. క్రమంగా పెట్టె పోయి సొమ్ము మిగిలింది. సొమ్ము లెక్కచూసే 'క్యాషియర్' ఈ కుటుంబంలోదే. సైనికాధికారిని కొలువు నుంచి వెళ్లగొట్టడమనే అర్థం గల 'క్యాషియర్' క్రియ మాత్రం కాదు.

రెండో 'క్యాష్' ఒక చిన్న నాణెం పేరు. దక్షిణాది 'కాసు' పోర్చుగీసువారి నోట 'కైషా' అయి ఆంగ్లేయులకు అందింది. పోర్చుగీసులో పెట్టె కూడా 'కైషా'యే! రెండు పదాల కలగాపులగానికి బీజం అక్కడే పడి ఉండాలి. మద్రాసు లెక్కలో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక 'స్టార్ పగోడా' వరహా. ఈస్టిండియా కంపెనీ 1803 నాటి రాగి నాణెంపై ఆంగ్లంలో ఇరవై 'క్యాష్', పారశీకంలో ఇరవై 'కాస్' అని ఉంటుంది.

రాజరాజచోళుని తంజావూరు శాసనాలలోనే 'కాసు' కనిపిస్తుంది. అవి 11వ శతాబ్ది ఆరంభానివి. వాస్కోడగామా రాక 1498లో. కనుక 'కాసు'ను ఐరోపా ఎరువుగా చూపే వాదం నిలవదు. సంస్కృత 'కర్ష'తో దాని సంబంధం వేరే చర్చ.

1818లో మద్రాసు రూపాయి లెక్కకు మారింది. నాణెపు 'క్యాష్' మరుగునపడింది. నేడు తెలుగువారి నగల దుకాణాలలో కాసంటే 8 గ్రాముల బంగారం. దానికి చెల్లించేది క్యాష్.