తాబేలు నుండి బుల్లి పలక వరకు

1960 ప్రాంతాలలో కంప్యూటరు ఒక గదినంతా ఆక్రమించుకొని ఉండేది. దాని ఖరీదు లక్షల డాలర్లు. దానిని తాకే అధికారం తర్ఫీదు పొందిన కొద్దిమందికే ఉండేది. అటువంటి యంత్రాన్ని పదేళ్ళ పిల్లల చేతికి ఇవ్వాలని ఆ రోజుల్లో ఎవరైనా అంటే, వినేవారు నవ్వి ఊరుకొనేవారు. అయినా అన్నవారు ఒకరున్నారు. ఆయన పేరు సేమూర్ పాపర్ట్.

1928లో దక్షిణాఫ్రికాలో జన్మించిన పాపర్ట్ గణితశాస్త్రజ్ఞుడు. శిశువుల ఆలోచనాసరళిని పరిశోధించిన జాన్ పియాజే వద్ద జెనీవాలో కొన్ని సంవత్సరాలు పనిచేసి, ఆ పిమ్మట అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో చేరినారు. శిశువు ఖాళీ కుండ కాదనీ, చేసి చూచి తన జ్ఞానాన్ని తానే కట్టుకొంటాడనీ పియాజే సిద్ధాంతం. ఆనాడు అమెరికాలో కంప్యూటరును బోధనకు వాడే ప్రయత్నాలు లేకపోలేదు. కాని వాటిలో యంత్రం ప్రశ్న వేస్తుంది, బాలుడు జవాబు చెపుతాడు. తప్పయితే యంత్రం మళ్ళీ అడుగుతుంది. బెత్తం లేని పంతులన్నమాట! పాపర్ట్ ఈ వరసను తలక్రిందులు చేయదలచినారు. ఆజ్ఞ బాలునిది, ఆచరణ యంత్రానిది.

1967లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి పట్టణంలో, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో, వాలస్ ఫర్జిగ్, సింథియా సాలమన్, పాపర్ట్ కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటరు భాషను రూపొందించినారు. 1968-69లో లెక్సింగ్టన్ పట్టణంలో ఏడవ తరగతి విద్యార్థులు కొందరు దీనిని నేర్చుకొన్నారు. వారి ముందు ఉన్నది టెలిటైపు మాత్రమే. అసలు కంప్యూటరు మరొకచోట ఉండి, టెలిఫోను తీగ ద్వారా జవాబులు పంపేది.

ఆ తరువాత వచ్చినది తాబేలు. చక్రాల మీద నేలపై తిరిగే గుండ్రని యంత్రం ఇది. 1940 దశకం చివర బ్రిస్టల్ నగరంలో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు వెలుగును వెదుక్కొంటూ తిరిగే యంత్రాలు చేసి వాటిని తాబేళ్ళని పిలిచినారు. లోగో తాబేలుకు పేరు అక్కడినుండే వచ్చినది. దాని పొట్ట క్రింద ఒక కలం అమర్చి ఉంటుంది. "ముందుకు 100, కుడికి 90" అని నాలుగుసార్లు ఆజ్ఞాపిస్తే నేలపై చతురస్రం పడుతుంది.

ఇక త్రిభుజం సంగతి చూడండి. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని బాలునికి తెలుసు. కనుక "ముందుకు 100, కుడికి 60" అని మూడుసార్లు చెపుతాడు. తాబేలు ఎటో పోతుంది! గీత మూతపడదు. ఇంకా మూడుసార్లు అదే ఆజ్ఞ ఇస్తే షడ్భుజి ప్రత్యక్షమవుతుంది. తప్పెక్కడ? నీవే తాబేలువై నడిచి చూడమని పాపర్ట్ సలహా. నడిచి చూస్తే తెలుస్తుంది, మూల వద్ద తిరగవలసినది లోపలి కోణం కాదు, బయటి కోణం. అనగా 120 డిగ్రీలు. ఒక చుట్టు పూర్తిచేసి బయలుదేరిన దిక్కుకే మళ్ళీ ముఖం పెట్టాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. బహుభుజి బాహ్యకోణాల మొత్తం 360 డిగ్రీలని ఉన్నత పాఠశాలల్లో వల్లె వేయించే సూత్రం ఇదే. ఇక్కడ అది బాలుని కాళ్ళకు తెలిసివచ్చినది. తప్పు చేసినందుకు మార్కులు పోలేదు సరికదా, అడగని షడ్భుజి కూడా దక్కినది.

1980లో పాపర్ట్ తన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో ఈ భావాలను వివరించిన తరువాత లోగో అనేక దేశాలకు వ్యాపించినది. ఆశలు కూడా హద్దుమీరినవి. 1984లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాలకు చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లండ్ అనే పరిశోధకులు, ఏడాదిపాటు లోగో నేర్చిన పిల్లలను నేర్వని పిల్లలతో పోల్చి చూచినారు. ఒక పనికి ముందుగా పథకం వేసుకొనే నేర్పులో ఇరువురికీ చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. పాపర్ట్ ఊరుకోలేదు. ఒక కొయ్య ఇల్లు కూలిపోతే కొయ్య ఇళ్ళకు పనికిరాదని తీర్పు చెప్పగలమా, వడ్రంగి ఎవరో చూడవద్దా అని ఆయన వాదం. వాదం చమత్కారమైనదే. అయితే అందులోనే ఒక ఒప్పుకోలు కూడా ఉన్నది: యంత్రం ఒక్కటే చాలదు, ఉపాధ్యాయుడు కావాలి.

ఇదే కాలంలో బ్రిటన్‌లో మరొక ప్రయత్నం జరిగినది. ప్రజలకు కంప్యూటరు పరిజ్ఞానం కలిగించడానికి బి.బి.సి. రేడియో, టెలివిజన్ సంస్థ పూనుకొని, కేంబ్రిడ్జి నగరంలోని ఏకార్న్ కంపెనీ చేత 1981లో 'బి.బి.సి. మైక్రో' అనే యంత్రాన్ని తయారుచేయించినది. పాఠశాలలకు కొనుగోలులో ప్రభుత్వం సాయపడినది. మొత్తం 15 లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడుపోయినవి. మీట నొక్కగానే అది ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలిచేది. ఆజ్ఞ రాయడం తప్ప పిల్లలకు గత్యంతరం లేదు.

ఆ సౌభాగ్యం ఎంతోకాలం నిలువలేదు. తయారైన సాఫ్ట్‌వేరు చవకగా దొరకడంతో కంప్యూటరు పాఠం క్రమంగా ఉత్తరాలు టైపు చేయడం, పట్టికలు నింపడంగా మారిపోయినది. పిల్లలు మళ్ళీ యంత్రం చూపిన దారిన నడిచేవారైనారు. 2012 జనవరిలో రాయల్ సొసైటీ ఈ బోధనను తీవ్రంగా విమర్శిస్తూ నివేదిక ప్రకటించినది. 2014 సెప్టెంబరు నుండి ఇంగ్లండు పాఠ్యప్రణాళికలో ఐదేళ్ళ వయసు నుండే ప్రోగ్రాములు రాయడం చేరినది.

అప్పుడు బి.బి.సి. మళ్ళీ ముందుకు వచ్చినది. 2015లో ప్రకటించి, విద్యుత్ సరఫరాలో ఇబ్బందుల వల్ల కొన్ని నెలలు ఆలస్యమై, 2016 మార్చి నుండి 11, 12 ఏళ్ళ విద్యార్థులకు దాదాపు 10 లక్షల 'మైక్రోబిట్' పలకలను ఉచితంగా పంచినది. పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు 4 సెంటీమీటర్లు. దాని మీద 25 ఎర్రని దీపాలు, రెండు మీటలు, కదలికను పసిగట్టే త్వరణమాపకం, దిక్సూచి. 1981 నాటి యంత్రపు చిన్న నమూనాలోవలె 2016లో పంచిన ఈ పలకలోనూ తాత్కాలిక జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లే ఉండేది. దీనిని నడిపే ప్రాసెసరు 'ఆర్మ్' వంశానికి చెందినది. ఆ వంశపు తొలి ప్రాసెసరును 1985లో రూపొందించినది బి.బి.సి. మైక్రోను చేసిన ఆ ఏకార్న్ కంపెనీయే. పెద్దన్న ఇంట పుట్టిన చిన్న తమ్ముడన్నమాట.

చిన్నపిల్లలు దీనికి ఆజ్ఞలను టైపు చేయనక్కరలేదు. తెరపై రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రాము కూర్చుతారు. 2007లో ఎం.ఐ.టి. నుండి వెలువడిన 'స్క్రాచ్' ఈ పద్ధతిని ప్రసిద్ధం చేసినది; దాని కర్త మిచెల్ రెజ్నిక్ పాపర్ట్ అనుచరుడే.

ఒక తరగతి పని చూద్దాం. పూలకుండీలోని మట్టిలో రెండు మేకులు గుచ్చి, ఒకదానిని పలకపై 3 వోల్టుల కొసకు, రెండవదానిని 0 అంకె గల కొసకు తీగలతో కలుపుతారు. తడిమట్టి విద్యున్నిరోధం తక్కువ, పొడిమట్టిది ఎక్కువ. కొస వద్ద వోల్టేజిని పలక 0 నుండి 1023 వరకు గల సంఖ్యగా చూపుతుంది. ఏ సంఖ్య కంటే తగ్గితే మొక్కకు దాహమైనట్లు? పుస్తకంలో ఈ జవాబు దొరకదు. ఎండిన కుండీని, నీరు పోసిన కుండీని కొలిచి పిల్లలే ఒక హద్దు నిర్ణయించాలి. హద్దు దాటగానే దీపాలలో ఏడుపు ముఖం వెలిగించవచ్చు. ఆ ముఖం ఎలా ఉండాలన్న విషయంలో తగవులు రావడం సహజం.

2023లో ఈ పలకలు ఇంకా చిన్న తరగతులకు దిగినవి. బ్రిటన్‌లోని ప్రాథమిక పాఠశాలలకు ఒక్కొక్కదానికి 30 చొప్పున, మొత్తం 7 లక్షల వరకు ఉచితంగా ఇవ్వడానికి ఏర్పాటైనది. 2024లో అదే పిల్లలు తమ ఆటస్థలాలను ఈ పలకలతో సర్వే చేసినారు. సర్వేలో ఉష్ణోగ్రత ఒక అంశం. ఇక్కడొక చిక్కు ఉన్నది. పలకలోని ఉష్ణమాపకం ప్రాసెసరు లోపలనే ఉన్నది. కనుక అది చెప్పేది ముందుగా తన వేడి, ఆ తరువాతనే గాలి వేడి. పక్కన గాజు థర్మామీటరు పెట్టి, రెండింటికీ తేడా ఎంతో చూచి, ఆ తేడాను తీసివేయమని ప్రోగ్రాములో మరొక దిమ్మె తగిలించాలి.