బర్లింగ్టన్ వాలులో ఓడిన బ్రేకులు

రైల్వే వాణిజ్య ప్రదర్శన అనగానే తళతళలాడే స్టాళ్లు, ఒప్పందాల మీద సంతకాలు, కరచాలనాల ఫొటోలు గుర్తొస్తాయి. 1996లో బెర్లిన్‌లో మొదలైన ఇన్నోట్రాన్స్‌లో ఆరుబయట పట్టాల మీద అసలు బండ్లనే నిలబెడతారు. నిలబెట్టిన బండి బాగానే నిలబడుతుంది. పరుగులో ఉన్నప్పుడు ఎలా ఆగుతుందో అక్కడ తేలదు. అమ్మేవాడి సరుకును కొనేవాడి పట్టాల మీద, పోటీదారుల కళ్లెదుటే ఓడిపోనిచ్చినప్పుడే ఇలాంటి సంతలు పరిశ్రమకు అక్కరకొస్తాయని నా వాదన. అమెరికాలోని అయోవా రాష్ట్రం, బర్లింగ్టన్ దగ్గర జరిగిన బ్రేకు పరీక్షలు అందుకు సాక్ష్యం.

అప్పటికే జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు ప్రయాణికుల బండ్లలో కుదురుకుంది. గూడ్స్ బండ్ల గతి వేరు. ఇంజన్ కూత వేయగానే బ్రేకు మనుషులు కదిలే వ్యాగన్ల పైకప్పుల మీద పరుగెత్తి చేతి చక్రాలు బిగించాలి. మంచు గడ్డకట్టిన రాత్రి కాలు జారితే ఇక అంతే. 1886 జులైలో వ్యాగన్ల నిర్మాణం చూసే అధికారుల సంఘం, మాస్టర్ కార్ బిల్డర్స్, బ్రేకు కంపెనీలను పిలిచి యాభై వ్యాగన్ల బండిని ఆపి చూపమంది. ఆ యాభై అన్న అంకెలోనే ఉంది కిటుకంతా. అర కిలోమీటరు దాటిన బండిలో డ్రైవరు గొట్టంలోని గాలి వదిలితే, ఆ కబురు చివరిదాకా పాకేలోపే ముందు వ్యాగన్లు పట్టేస్తాయి. వెనకవి ఊపు తగ్గక వచ్చి గుద్దుతాయి. ఆ కుదుపు ఎంతో తేల్చడానికి తొట్టిలో స్వేచ్ఛగా జారే బరువు పెట్టి, అది ఎన్ని అంగుళాలు జరిగిందో కొలిచారు. పొట్టి ప్రయాణికుల బండ్లలో ఏళ్లతరబడి బయటపడని లోపమిది. ఆ ఏడాది ఏ కంపెనీ గట్టెక్కలేదు. 1887లో మళ్లీ పరీక్షిస్తే, విద్యుత్తు తోడు తీసుకున్న బ్రేకులే మెరుగనిపించాయి.

వెస్టింగ్‌హౌస్ దగ్గర డబ్బుంది, బుర్ర ఉంది, పరీక్ష లేకపోయినా దిద్దుకునేవాడేగా అనొచ్చు. కావచ్చు. కానీ అమ్ముడవుతున్న సరుకును ఎవరు తొందరపడి విప్పదీస్తారు? ఓటమి తర్వాత కొద్ది నెలల్లోనే ఆయన కొత్త వాల్వు తెచ్చాడు. విద్యుత్తు అవసరమే లేదు; ప్రతి వ్యాగన్ దగ్గరా వాల్వు గొట్టంలోని గాలిని కొంత తానే వదిలి కబురును వెనక్కి తోసేస్తుంది. ఆ ఏడాదే యాభై వ్యాగన్ల బండికి దాన్ని బిగించి ఊరూరా తిప్పి చూపాడు. అది అచ్చమైన ప్రచారమే, అయితే పరీక్షలో తేలిన లోపానికి జవాబుతో చేసిన ప్రచారం.

గూడ్స్ బండ్లకు బ్రేకులు పెట్టించింది పరీక్షలు కావు, చట్టం అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. నిజమే, ఖర్చుకు జంకిన కంపెనీలు బ్రేకు దొరుకుతున్నా కదల్లేదు. అయితే పొడవాటి బండిని కుదుపు లేకుండా ఆపగల బ్రేకే లేకుంటే శాసనసభ దేన్ని బిగించమంటుంది? 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకం చేసిన భద్రతా చట్టం కంపెనీలకు 1898 మొదటి రోజుదాకా గడువిచ్చింది. అవి ఆ గడువును 1900 దాకా పొడిగించుకున్నాయి.