సంతకం వేరు, సమ్మతి వేరు



ఇంట్లో ఎవరికైనా ఆపరేషనంటే ఆస్పత్రివాళ్ళు ముందుగా ఒక కాగితం ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటారు. ఆ కంగారులో చదివేదెవరు? పెట్టేస్తాం. ఆ కాగితం వెనక పెద్ద కథే ఉంది. అందులో ఒక ఘట్టం మా అల్వాలుకు కొద్ది మైళ్ళలోనే జరిగింది.

1895లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరుండేవారు. దోమలు చచ్చిన నీళ్ళు తాగితే మలేరియా వస్తుందేమో చూద్దామని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు డబ్బిచ్చి ఆ నీళ్ళు తాగించారు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించి, దోమకు అణా చొప్పున పది అణాలిచ్చారు. అలా కుట్టిన దోమలోనే, ఆగస్టు 20న బేగంపేటలో, ఆయనకు మలేరియా క్రిమి కనబడింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. లోకానికి మహోపకారమే జరిగింది. కాని ప్రయోగానికి మనిషి అనుమతి ఎలా తీసుకోవాలో చెప్పే చట్టం మన దేశంలో అప్పుడు లేదు. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు డబ్బు సంగతి తెలుసు. ప్రమాదం సంగతి ఎంత తెలుసో!

మరి చట్టం వచ్చాక? ఢిల్లీలో ఒకావిడకు పరీక్ష కోసమని మత్తిచ్చి, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి మాట చాలదు, మెలకువ వచ్చాక ఆమెనే అడగాలని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ మరుసటి ఏడే, 2009లో, ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా టీకాలు వేశారు. తర్వాత చూస్తే 2,763 అనుమతి పత్రాలమీద హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లే సంతకాలు చేసి ఉన్నారు! కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదనే విచారణ సంఘం అభిప్రాయపడింది. టీకా మంచిదే కావచ్చు. అయినా కన్నవాళ్ళకు చెప్పకపోవడం తప్పేనని 2013లో పార్లమెంటు సంఘం మందలించింది.

చూశారా, చట్టానికి కూడా సంతకం ఒక్కటే చాలదు. మనకు అర్థమయ్యేలా విడమరచి చెప్పడం వైద్యుడి ధర్మమే కాదు, చట్టప్రకారం బాధ్యత కూడా. అది మనం అడిగి తీసుకోవలసిందే. ఇది ఎందుకు, చేయించకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా — ఈ మూడూ అడిగాకే కలం పట్టండి.