ఎచ్చెర్ల సీమ చెరువు గట్లు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల ప్రాంతంలో వాన నీటిని ముందుగా నిలవరించేది ఊరచెరువు గట్టే. నాగావళికి కుడివైపున, సముద్రానికి చేరువలో ఉన్న ఈ నేలల మీద కురిసిన వాన గెడ్డల వెంట పల్లానికి పరుగు తీస్తుంది. ఆ దారికి అడ్డంగా మట్టికట్ట పోసి, వరద ఉరవడిని తగ్గించి, నిలిచిన నీటితో వరి పండించడం ఉత్తరాంధ్ర పల్లెల పాత పద్ధతి. పేరుకు చెరువే అయినా పనికి అది చిన్న డ్యామే. పెద్ద డ్యాముకు వచ్చే ప్రమాదాలన్నీ దానికీ వస్తాయి.

ఇలాంటి చెరువుకు ముఖ్యమైన అంగాలు మూడు. మట్టితో పోసిన గట్టు, పొలానికి నీరు వదిలే మదుము, నిండిన తర్వాత మిగులు నీటిని సాగనంపే పొర్లుకట్టు. లోపలి వాలుకు అలల దెబ్బ తగలకుండా రాళ్లు పేరుస్తారు. మట్టి గట్టుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు తన మీదుగా పొర్లే నీరు. రాతి కట్టడం కొంతసేపు దాన్ని ఓర్చుకుంటుంది, మట్టి ఓర్చుకోలేదు. వెనుక వాలు కోసుకుపోయి చూస్తుండగానే గండి పడుతుంది. రెండో ప్రమాదం కంటికి కనబడకుండా వస్తుంది. మదుము రాతికట్టుకూ మట్టికీ మధ్య సందు ఏర్పడినా, గట్టు మీద పెరిగిన చెట్ల వేళ్లు కుళ్లినా, పీతలూ ఎలుకలూ బొరియలు చేసినా నీరు ఊటగా మొదలవుతుంది. ఊట తేటగా ఉన్నంతవరకు భయం తక్కువ. బురద రంగుకు మారిందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే.

ఈ తీరంలో రుతువుల వరస కూడా గట్లకు అనుకూలం కాదు. నైరుతి వానలతో సెప్టెంబరు నాటికి చెరువులు నిండుతాయి. తుఫానుల కాలం ఆ వెంటనే వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ శ్రీకాకుళం తీరాన్ని దాటాయి. అలాంటి వాన నిండుచెరువు మీద పడితే కొత్త నీటికి లోపల చోటుండదు. వచ్చినదంతా పొర్లుకట్టు మీదుగానే పోవాలి.

1802లో ఉత్తర సర్కారులకు శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చింది. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో చెరువుల మరమ్మతు భారం చాలావరకు జమీందారుల మీదా, ఊరి వాడుక మీదా నిలిచింది. వేసవిలో పూడిక తీయడం, గట్టుకు మట్టి వేయడం రైతులు వంతులవారీగా చేసేవారు. ఈ వాడుక సడలుతున్నదని గుర్తించి 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. గట్టు తెగే ప్రమాదం కనబడితే, దాని బాధ్యత చూసే అధికారి గ్రామ పెద్దల ద్వారా చుట్టుపక్కల మగవారిని పనికి రప్పించవచ్చు. వాడుక ప్రకారం చేయాల్సిన పని ఎగ్గొట్టినవారు ఆ శ్రమ విలువకు రెండింతలు చెల్లించాలి. చట్టంలో బలవంతం ఉన్న మాట నిజమే. అయినా గట్టు రక్షణ గంటల్లో తేలే వ్యవహారమని, ఉత్తరాలు నడిచేదాకా వరద ఆగదని దానిని రాసినవారికి తెలుసు.

1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కింద ఒక్కో చెరువును కొలిచి, గట్టు ఎత్తు, పొర్లుకట్టు పొడవు, మదుముల మట్టం కాగితం మీదకు ఎక్కించారు. పొర్లుకట్టు ఎంత వరదను మోయాలో లెక్కకట్టే రైవ్స్ సూత్రం కూడా ఆ రోజులదే, 1884 నాటిది. పరివాహక విస్తీర్ణాన్ని మూడింట రెండో ఘాతానికి హెచ్చించి ఒక గుణకంతో గుణిస్తారు. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు ఆ గుణకం 6.8. ఈ లెక్కన 5 చదరపు కిలోమీటర్ల నీటిని అందుకునే చెరువుకు పొర్లుకట్టు సెకనుకు సుమారు 20 ఘనమీటర్లు వదలగలగాలి.

గొలుసుకట్టు చెరువుల్లో ఇంకో మెలిక ఉంది. పై చెరువు కొంత వరదను పట్టి ఉంచుతుందని, ఆ మేరకు కింది చెరువు లెక్కలో తగ్గింపు ఇస్తారు. పై గట్టు నిలిచి ఉన్నంతకాలమే ఆ తగ్గింపు చెల్లుతుంది. అది తెగిన రాత్రి కింది పొర్లుకట్టుకు తన లెక్కలో లేని నీరు ఎదురవుతుంది. పై చెరువు పూడిపోయినా, ఆక్రమణలో కుంచించుకుపోయినా ఫలితం అదే దారిలో ఉంటుంది, కాకపోతే మెల్లగా.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వానికి వచ్చాయి. 1959 తర్వాత పంచాయతీ సమితుల కాలంలో బాధ్యత రెండుగా చీలింది. 100 ఎకరాల లోపు ఆయకట్టున్నవి పంచాయతీరాజ్ వైపు, పెద్దవి నీటిపారుదల శాఖ వైపు వెళ్లాయి. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. వరద రాత్రి ఊరిని కూడగట్టే అధికారం ఉన్న మనిషి అలా తప్పుకున్నాడు. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు నిర్వహణలో వాటా ఇచ్చింది. ఈలోగా నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట కాలువ ఎచ్చెర్ల వైపు పొలాలకు నీరు తెచ్చింది. పంటకు అది వరం. కానీ కాలువ నీటిని కూడా అందుకునే చెరువు తుఫాను రోజుల దాకా నిండుగానే ఉండే అవకాశం ఎక్కువ. నీరు ఇంకొంచెం నిలవాలన్న ఆశతో పొర్లుకట్టు మీద రాళ్లు, ఇసుక బస్తాలు పేర్చే అలవాటు దీనికి తోడైతే గట్టుకు మిగలాల్సిన ఎడం హరించుకుపోతుంది.

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయి దిగువ పల్లెలను ముంచింది. ఆ సంవత్సరం డిసెంబరు 30న దేశమంతటా డ్యాముల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. అది వర్తించేది 15 మీటర్లకు మించిన ఎత్తున్నవాటికి, లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ, వరద సామర్థ్యం వంటి షరతుల్లో ఒకటైనా తీరినవాటికి. కొద్ది మీటర్ల ఊరచెరువు గట్టు ఆ పరిధిలోకి రాదు. ఏటా వానలకు ముందు, తర్వాత తనిఖీ, అత్యవసర కార్యాచరణ పథకం వంటి నియమాలు పెద్ద డ్యాములకు చట్టబద్ధమయ్యాయి. చిన్న గట్టుకు అవి స్థానిక ఇంజనీరు శ్రద్ధ మీద, సంఘం చొరవ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ తనిఖీకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మే నెలలో గట్టు పైమట్టాన్ని ఒక కొస నుంచి మరో కొస దాకా కొలిచి కుంగిన చోట మట్టి వేయాలి, తుమ్మ మొక్కలను చిన్నప్పుడే పెరికేయాలి, మదుము తలుపును ఎత్తి దించి చూడాలి, పొర్లుకట్టు దిగువ కాలువను తెరిపించాలి. పైనున్న చెరువు మారిపోయి ఉంటే పొర్లుకట్టు పొడవును పాత కాగితానికి వదిలేయకుండా మళ్లీ లెక్కకట్టాలి.